గేలిక్ తప్ప రాని దెయ్యం

ఆర్డ్‌వ్రెక్ కోటకు టికెట్ లేదు. గేటు లేదు, కాపలా లేదు, పక్కన టీ కొట్టయినా లేదు. రోడ్డు వారగా బండి ఆపుకోవడానికి కాస్త జాగా, గడ్డిలో నడిచి నడిచి పడిన కాలిబాట, దాని చివర అసింట్ సరస్సులోకి చొచ్చుకుపోయిన రాతి గడ్డ. ఆ గడ్డ మీద ఒక మూల మాత్రం నిలబడి మిగతాదంతా కూలిపోయిన మూడంతస్తుల కట్టడం. లాక్ నెస్ ఒడ్డున అర్కర్ట్ కోట, దాని సందర్శక కేంద్రం, కేఫ్, సినిమా హాలు అన్నీ ముందురోజే చూసి వచ్చిన మనవాళ్లు ఇక్కడ బండి దిగగానే అనే మొదటి మాట: "ఇదేనా?"

ఆ మాటకు నేను నొచ్చుకోను. "ఇదేనా" అన్నవాళ్లను "ఇంకో పది నిమిషాలుందాం" అనేదాకా తీసుకురావడానికే నాకు జీతమిస్తున్నారు.

నేను ఇన్వర్నెస్‌లో డ్రైవర్-గైడ్‌ని. బండి నడిపేదీ నేనే, మైకులో కథ చెప్పేదీ నేనే. పదహారు సీట్ల మినీబస్సు. వేసవిలో ఇక్కడ రాత్రి పదింటికి కూడా వెలుతురుంటుంది కాబట్టి పని కూడా అంత పొడుగునా సాగుతుంది. డిసెంబరులో సూర్యుడు ఆరున్నర గంటలు కనిపిస్తే గొప్ప, అప్పుడు టూర్లు దాదాపు ఉండవు. దొరికిన డ్రైవింగ్ పని చేసుకుంటూ చదువుకుంటాం. మా గైడ్లందరికీ చలికాలమే పరీక్షల కాలం. వచ్చేవాళ్లలో అమెరికావాళ్లు, జర్మన్లు, ఆస్ట్రేలియావాళ్లు ఎక్కువ. ఈ మధ్య మనవాళ్లూ బాగా వస్తున్నారు. గ్లాస్గోలోనో ఎడిన్‌బరోలోనో ఎమ్మెస్ చేసిన పిల్లలు, వాళ్ల పట్టా పండగకని హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో వచ్చిన తల్లిదండ్రులు. బండిలో పులిహోర వాసన వచ్చిందంటే ఆ రోజు మైకులో తెలుగే.

ఇన్వర్నెస్ నుంచి ఆర్డ్‌వ్రెక్ ఎనభై మైళ్ల చిల్లర. ఆగకుండా పోతే రెండు గంటలు. కానీ ఎవరూ ఆగకుండా పోరు. ఆగనివ్వకుండా పోతే గైడ్‌గా పనికిరాం. అసింట్ ప్రాంతం లోపలికి వెళ్లేకొద్దీ చాలా దారులు ఒంటి వరసవి. ఎదురు బండి వస్తే పక్కకు తప్పుకోవడానికి అక్కడక్కడా ఉబ్బెత్తుగా వెడల్పు చేసి తెల్ల పలక పాతి ఉంటారు. ఎవరికి దగ్గరైతే వాళ్లు ఆగాలి, రెండోవాళ్లు చెయ్యెత్తి పలకరించి పోవాలి. వెనక స్థానికుల బండి వస్తే పక్కకు జరిగి ముందుకు పోనివ్వాలి. వాళ్లు మనలా విహారానికి రాలేదు, గొర్రెల దగ్గరికో డాక్టరు దగ్గరికో పోతున్నారు. 2015లో నార్త్ కోస్ట్ 500 అని ఈ ఉత్తర తీరపు రోడ్లన్నిటినీ కలిపి ఒక ప్రయాణ మార్గంగా ప్రచారం మొదలుపెట్టాక ఇళ్లంత బండ్లు ఈ దారుల్లోకి దిగాయి. ఆ పలకల దగ్గరే మంచాలు పరుచుకుని పడుకునేవాళ్లను కూడా చూశాను. నాలుగున్నర గంటలు నడిపితే నలభై అయిదు నిమిషాలు విశ్రాంతి తీసుకోవాలన్నది మా చట్టం. బండిలో యంత్రం లెక్క రాస్తూనే ఉంటుంది. కాబట్టి అతిథి ఎంత బతిమాలినా కొన్నిసార్లు కుదరదనే చెప్పాలి. కుదరదన్న మాట నవ్వుతూ చెప్పడం ఈ పనిలో నేర్చుకోవలసిన వాటిలో ముఖ్యమైనది.

టీ కోసం అల్లాపూల్‌లో ఆగుతాం. 1788లో చేపల వేట కోసమని గీతలు గీసి కట్టిన ఊరు. తెల్లటి ఇళ్లు వరసగా నీళ్లకేసి చూస్తుంటాయి. రేవులో స్టోర్నొవే వెళ్లే పెద్ద ఫెర్రీ ఉంటే నా కథ అక్కడే మొదలవుతుంది. "ఆ ఓడ పోయే ఊళ్లో పుట్టినాయన లేకపోతే మన ఊళ్ల చరిత్ర సగం మనకు తెలిసేది కాదు" అంటాను. కప్పులు పట్టుకున్నవాళ్లు ఇటు తిరుగుతారు.

కాలిన్ మెకంజీ 1754లో స్టోర్నొవేలో పుట్టాడు. 1783లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి మద్రాసు వచ్చాడు. 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు, 1821లో అక్కడే పోయాడు. భూములు కొలవడానికి వచ్చినవాడు ఊళ్ల కథలు కూడా పోగేశాడు. ఏలూరు నుంచి వచ్చిన కావలి బొర్రయ్య, బొర్రయ్య పోయాక ఆయన తమ్ముడు లక్ష్మయ్య, ఇంకా వాళ్ల కింద పనిచేసినవాళ్లు ఊరూరా తిరిగి, కరణాల దగ్గరి కవిలెలు చూసి, పెద్దలను అడిగి రాసినవే కైఫీయత్తులు. మాది జమ్మలమడుగు. గండికోట కైఫీయత్తును మా తెలుగు మాస్టారు చదివి వినిపించేవారు. మెకంజీ సొంత దేశంలో నేను బండి తోలుకుంటానని అప్పుడు ఆయనా అనుకోలేదు, నేనూ అనుకోలేదు.

గైడ్ శిక్షణలో నేర్పనిది ఒకటి నాకు ఆ కైఫీయత్తుల నుంచే వచ్చింది. వాటిలో రాజుల వరసలు, శాసనాలు, పన్నుల లెక్కలు ఉంటాయి. వాటి పక్కనే కొండ మీద ఋషి తపస్సు చేశాడని, ఫలానా చోట నిక్షేపం ఉందని, దేవుడు కలలో కనిపించి గుడి కట్టమన్నాడని ఉంటుంది. రాసినవాడు రెండో రకాన్ని కొట్టిపారెయ్యలేదు, మొదటి రకంతో కలిపి ముద్ద చెయ్యనూ లేదు. ఊళ్లోవాళ్లు ఇలా చెప్తున్నారని రాసి ఊరుకున్నాడు. ఆర్డ్‌వ్రెక్ దగ్గర నేను చేసేదీ అదే. కోట గురించి ఏ ముక్క చెప్పినా, ఆ ముక్క ఎవరు చెప్పిందో, చెప్తే వాళ్లకేమిటి లాభమో కలిపి చెప్తాను. అది వదిలేస్తే మిగిలేది దెయ్యాల కథ, దాన్ని ఎవరైనా చెప్పగలరు.

సరే, కోట దగ్గరికి.

గట్టు నుంచి గడ్డకు పోయే దారి ఇసుకా గులకరాళ్లూ కలిసిన సన్నటి మెడ. వానలు బాగా పడితే సరస్సు పెరిగి దాని మీదికి వస్తుంది, అప్పుడు కోట దీవి అయిపోతుంది. అందుకే పొద్దున్నే బండి ఎక్కేటప్పుడే అందరి కాళ్లకేసి చూస్తాను. చెప్పులు, తెల్ల స్నీకర్లు, పట్టుచీరకు సరిపోయే సాండిల్స్. ఎవరు నీళ్లలో దిగుతారో, ఎవరు గట్టు మీదే నిలబడి ఫోటోలు తీస్తారో అక్కడే తెలిసిపోతుంది. గాలి లేని రోజు మిడ్జిలు, మన దోమలో పావువంతు కూడా ఉండవు, కానీ పొగలాగా చుట్టుకుంటాయి. గాలి ఉన్న రోజు అవి ఉండవు గానీ గొడుగు ఉండదు, అంటే ఉన్నా తిరగబడి పోతుంది.

ఈ కోటను 15వ శతాబ్దం చివర్లో అసింట్ మెక్లౌడ్‌లు కట్టారు. తర్వాతి శతాబ్దంలో పెంచారు. దీర్ఘచతురస్రపు ఇల్లు, ఆగ్నేయపు మూల మెట్ల బురుజు. ఇప్పుడు నిలబడి ఉన్నది ఆ మూలే. అక్కడ నేను అందరినీ ఒకచోట నిలబెట్టి మెడ ఎత్తమంటాను. బురుజు కింద గుండ్రం, పైన నలుచదరం. గుండ్రం నలుచదరమయ్యే చోట రాయి మీద రాయి కాస్త కాస్త ముందుకు జరిపి పేర్చుకుంటూ పోయారు. కింద గుండ్రంగా మెట్లు తిరిగి, పైన మామూలు గదికి చోటు దొరికింది. గోడ రాళ్లు చెక్కినవి కావు, దొరికినవి దొరికినట్టు సున్నంలో కూర్చినవి. కింది అంతస్తులో రాతి కమానులతో చీకటి కొట్లు. నాపరాళ్ల మధ్య పెరిగినవాణ్ని కాబట్టి మిగతా గైడ్లకంటే ఇక్కడ నేను ఎక్కువసేపు నిలబడతాను. సివిల్ ఇంజనీర్లు ఎవరైనా ఉంటే వాళ్లు కూడా నాతోపాటే ఆగిపోతారు, వాళ్ల పిల్లలు విసుక్కుంటారు.

పిల్లల కోసం అప్పుడు సైతాను కథ.

ఈ కోట కట్టడం మెక్లౌడ్ నాయకుడి తరం కాలేదట. సైతాను వచ్చి నేను కట్టిస్తాను, బదులుగా నీ కూతుర్నివ్వు అన్నాడట. తండ్రి సరేనన్నాడు. ఆ సంగతి తెలిసిన పిల్ల బురుజు కిటికీలోంచి సరస్సులోకి దూకింది. చావలేదంటారు కొందరు, జలకన్య అయి అడుగున గుహల్లో ఉంటుందంటారు. సరస్సు పొంగినప్పుడల్లా అది ఆమె కన్నీరేనట. ఇంకొందరు ఇసుక ఒడ్డున ఏడుస్తూ కనబడుతుందంటారు. ఇది ఊళ్లో తరతరాలుగా చెప్పుకునే కథ. కోట కట్టినవాళ్ల వంశం పోయాక మిగిలిన కథ అని కూడా గమనించాలి. కోట ఉన్నవాడికి సైతానుతో పొత్తుందని చెప్పడం, కోట లేనివాళ్లకు దొరికిన చిన్న తీర్పు. ఒకసారి ఒక పాప "వాళ్ల నాన్నను ఏం చేశారు?" అని అడిగింది. కథలో ఆయన గురించి ఆ తర్వాత ఏమీ లేదని చెప్పాను. "అన్యాయం" అని మొహం ముడుచుకుంది.

రెండో దెయ్యం పొడుగ్గా, బూడిదరంగు బట్టల్లో ఉంటాడు. మంచివాడే, పలకరిస్తే మాట్లాడతాడట. ఒకటే చిక్కు, గేలిక్ తప్ప ఇంకో భాష రాదు. వచ్చేవాళ్లకు గేలిక్ రాదు కాబట్టి ఇన్ని వందల ఏళ్లలో ఆయన చెప్పదలచుకున్నదేమిటో తేలలేదు. ఈయనే మాంట్రోస్ అని కొందరు చెప్తారు. నేను ఒప్పుకోను. మాంట్రోస్ దక్షిణాది పెద్దింటి ప్రభువు, సెయింట్ ఆండ్రూస్‌లో చదువుకున్నాడు, ఇంగ్లీషులో కవిత్వం రాశాడు. చచ్చాక అవన్నీ మరిచిపోయి గేలిక్ ఒక్కటే మిగుల్చుకుంటాడా? ఆ దెయ్యం ఎవరో ఇంటివాడై ఉండాలి.

ఇక్కడికి వచ్చేసరికి "మాంట్రోస్ ఎవరు?" అన్న ప్రశ్న వాళ్లంతట వాళ్లే వేస్తారు. అడగకముందే చెప్పే చరిత్ర బండి కిటికీ మీద వాన లాంటిది, జారిపోతుంది.

జేమ్స్ గ్రాహమ్, మాంట్రోస్ మార్క్విస్. 1612లో పుట్టాడు. 1638లో రాజు తమ మత వ్యవహారాల్లో వేలు పెట్టకూడదంటూ స్కాట్లాండ్ రాసుకున్న జాతీయ ఒడంబడిక మీద సంతకం చేసినవాళ్లలో ఒకడు. ఆ పక్షాన యుద్ధం కూడా చేశాడు. తర్వాత తనవాళ్లు హద్దు మీరుతున్నారనుకుని రాజు వైపు తిరిగాడు. 1644, 45లలో హైలాండ్ మనుషులనూ ఐరిష్ సైనికులనూ వెంటేసుకుని వరసగా ఆరు యుద్ధాలు గెలిచాడు. 1645 సెప్టెంబరులో ఫిలిప్‌హాలో ఓడి, తర్వాత దేశం వదిలాడు. 1649లో మొదటి చార్లెస్ తల నరికించుకున్నాక, కొడుకు రెండో చార్లెస్ కోసం 1650లో ఆర్క్‌నీ దీవుల మీదుగా మళ్లీ దిగాడు. ఏప్రిల్ 27న కార్బిస్‌డేల్ దగ్గర ప్రభుత్వపు గుర్రపు దళం అతని సేనను తుడిచిపెట్టేసింది. గుర్రం వదిలి, హోదా గుర్తులు పారేసి, మామూలు మనిషి బట్టల్లో పడమటి కొండల్లోకి పారిపోయాడు. వెంట వచ్చిన కినౌల్ ప్రభువు దారిలోనే ఆకలికీ చలికీ పోయాడు. మాంట్రోస్ ఆకలికి తన చేతి తొడుగులు నమిలాడని చెప్తారు. కార్బిస్‌డేల్ నుంచి ఇక్కడికి ముప్పై మైళ్లు. బండిలో ఆ బీడు నేలలు చూసుకుంటూ వచ్చినవాళ్లకు ఆ ముప్పై మైళ్లంటే ఏమిటో నేను వివరించనక్కర్లేదు.

ఇక్కడి యజమాని నీల్ మెక్లౌడ్, ఇరవైల్లో ఉన్న కుర్రాడు. మాంట్రోస్ అతని చేతికి చిక్కాడు, అతను ప్రభుత్వానికి అప్పగించాడు. అందరూ ఒప్పుకునేది ఇంతవరకే. మిగతాదంతా ఎవరి కథ వాళ్లది.

రాజు పక్షంవాళ్ల కథలో నీల్ విశ్వాసఘాతకుడు. శరణని వచ్చిన అతిథిని డబ్బుకు అమ్మేశాడు. బహుమానం 25,000 పౌండ్లు, అందులో 20,000 నగదు, మిగతాది పిండి రూపంలో అంటారు. ఇక్కడ ఆగి చెప్పాలి, అవి స్కాట్స్ పౌండ్లు, పన్నెండు పెడితే ఒక ఇంగ్లీషు పౌండు. గేలిక్ కవి ఇయన్ లోమ్ మాంట్రోస్ కోసం శోకగీతం కట్టి అందులో నీల్‌ను తిట్టిపోశాడు, పుల్లగా పాడైన పిండికి మనిషిని అమ్ముకున్నావని. ఈ ప్రాంతంలో నీల్ పేరు ఇప్పటికీ చెడ్డదంటే ఆ కవి నోరే సగం కారణం. హైలాండ్స్‌లో ఇంటికొచ్చినవాణ్ని పట్టివ్వడం హత్యకంటే పెద్ద నేరం.

నీల్ సొంత కథ వేరు. నేను ఆ సమయంలో ఇంట్లోనే లేను, నాకు ఏ బహుమానమూ ముట్టలేదన్నాడు.

మూడో కథలో నేరం భార్య మీదికి పోయింది. నీల్ లేనప్పుడు మాంట్రోస్ వస్తే క్రిస్టీన్ మన్రో మంచిమాటలతో లోపలికి పిలిచి, కింది కొట్లో పెట్టి తాళం వేసి, కబురు పంపిందట. ఆమె పుట్టింటి మన్రోలు కార్బిస్‌డేల్‌లో మాంట్రోస్‌కు ఎదురు నిలిచినవాళ్లు. కాబట్టి కథ నమ్మదగినట్టే ఉంటుంది. కానీ నా అనుమానం నాది. ఇంటి మగవాడి పరువు కాపాడాలంటే ఇంటి ఆడదాని మీదికి తోసెయ్యడం కంటే సులువైన దారి ఏ దేశంలోనూ లేదు. ఈ మాట మైకులో అన్నప్పుడల్లా బండిలో ఆడవాళ్ల వైపు నుంచి చిన్న నవ్వు వినిపిస్తుంది.

మావైపు గండికోట కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే పడిపోయింది. మీర్ జుమ్లా 1650ల మొదట్లో పట్టుకున్నాడు, 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే అక్కడికి వెళ్లి ఆయన్ని కలిశాడు. పెమ్మసాని తిమ్మానాయుడిది ఓటమి కాదు, పొదిలి లింగన్న ద్రోహమని మాకు చిన్నప్పటి నుంచి చెప్పారు. కోట పోయిన చోటల్లా ఒక ద్రోహి పేరు నిలబడుతుంది. ఫిరంగుల లెక్క ఎవరికీ గుర్తుండదు. కడప, అనంతపురం వాళ్లు బండిలో ఉంటే ఈ ముక్క చెప్తాను. గుంటూరువాళ్లయితే వెంటనే కొండవీడు తెస్తారు, అక్కడి నుంచి చర్చ నా చేతిలో ఉండదు.

మాంట్రోస్‌ను 1650 మే 21న ఎడిన్‌బరోలో బజారు నడిబొడ్డున ఉరితీశారు. తల టోల్‌బూత్ జైలు మీద శూలానికి గుచ్చారు, కాళ్లూ చేతులూ నాలుగు పట్నాలకు పంపారు. ఏ రాజు కోసం వచ్చాడో ఆ రాజు అప్పటికే ఇతని శత్రువులతో ఒప్పందం చేసుకుంటున్నాడు. దాదాపు పదకొండేళ్లు ఆ తల అక్కడే ఉంది. 1660లో రాజు సింహాసనం ఎక్కాక ముక్కలన్నీ పోగుచేసి, 1661 మేలో సెయింట్ జైల్స్ చర్చిలో ఘనంగా ఖననం చేశారు. అదే నెలలో మాంట్రోస్ బద్ధశత్రువు ఆర్గైల్ తల నరికి, ఖాళీ అయిన ఆ శూలానికే గుచ్చారు. ఇప్పుడు ఆ చర్చిలో ఇద్దరికీ స్మారకాలున్నాయి, ఒకాయన ఈ పక్క, ఇంకొకాయన ఆ పక్క. ఎడిన్‌బరో తిరిగి వెళ్లేవాళ్లకు చూసి రమ్మని చెప్తాను.

నీల్‌ను రాజు మనుషులు బంధించి జైల్లో పెట్టారు. చివరికి విడుదలయ్యాడు గానీ అప్పటికే అప్పులు మెడదాకా వచ్చాయి. ఆ అప్పులు, కోర్టు కాగితాలు పట్టుకుని పక్కవాళ్లు వచ్చారు. ఆ పక్కవాళ్లు మెకంజీలు. 1672లో ఆర్డ్‌వ్రెక్‌ను ముట్టడించి అసింట్ మొత్తాన్ని చేజిక్కించుకున్నారు. మన కాలిన్ మెకంజీ పుట్టిన లూయిస్ దీవి కూడా అంతకుముందే ఇలాగే మరో మెక్లౌడ్ శాఖ నుంచి మెకంజీల చేతికి వచ్చింది. ఆ వంశంలో పెద్దలైన సీఫోర్త్ ప్రభువుల ప్రాపకమే కాలిన్‌ను ఇండియా ఓడ ఎక్కించింది. అల్లాపూల్‌లో చెప్పిన పేరు ఇక్కడ మళ్లీ వచ్చేసరికి వెనక సీటు నుంచి ఎవరో ఒకరు "ఆ మెకంజీ వాళ్లేనా!" అంటారు. అందుకోసమే అక్కడ చెప్పి ఉంచుతాను.

కోట నుంచి నాలుగు అడుగులు నడిస్తే ఒడ్డున ఇంకో శిథిలం కనిపిస్తుంది, కాల్డా హౌస్. ఫోటోల్లో దీన్నే కోటనుకునేవాళ్లున్నారు. 1726లో కెన్నెత్ మెకంజీ కట్టించాడు. పాత కోట చలిగా, ఇరుకుగా ఉందని భార్య అనిందట. ఆ పాత కోట రాళ్లు కూడా ఈ కొత్త ఇంటికి తెచ్చుకున్నారు. ఇటు ఎన్ని కిటికీలో అటు అన్ని కిటికీలు, దక్షిణాది పద్ధతిలో. 1737లో దోపిడీ జరిగి తగలబడిపోయింది. చరిత్ర అలా చెప్తే ఊరు ఇంకోలా చెప్తుంది. శనివారం రాత్రి విందు మొదలై ఆదివారంలోకి సాగిందట. పన్నెండు కొట్టాక దేవుడి రోజున వాయించనని పైపు ఊదేవాడు ఊదటం ఆపేశాడట. అప్పుడు పిడుగు పడి ఇల్లు కాలిపోయిందట, బతికింది ఆ పైపువాడొక్కడేనట. ఇంటిని ఎవరో తగలబెట్టారంటే ఎవరని అడుగుతారు. పిడుగంటే ఎవరూ ఏమీ అడగరు. నిజంగా పిడుగు పడింది పక్కనున్న కోట మీద, 1795లో. అప్పటికి అందులో ఎవరూ లేరు. ఉన్న గోడల్లో చాలా భాగం అప్పుడు పోయింది.

కాల్డా కాలాక మెకంజీలు కోలుకోలేదు. 1750ల చివర్లో అసింట్‌ను సదర్లాండ్ ప్రభువులు కొన్నారు. ఇక్కడి నుంచి చెప్పేది రాతిలో చూపించలేను. 19వ శతాబ్దపు మొదటి దశాబ్దాల్లో గొర్రెల పెంపకానికి నేల కావాలని ఈ లోయల్లో ఉన్న కుటుంబాలను ఖాళీ చేయించారు. తీరంలో రాళ్ల మధ్య ముక్క నేల ఇచ్చి బతకమన్నారు. చాలామంది ఓడ ఎక్కారు. క్లాక్‌టోల్‌లో పుట్టిన నార్మన్ మెక్లౌడ్ అనే బోధకుడు 1817లో నోవాస్కోషియా వెళ్లాడు, ముప్పై ఏళ్లు దాటాక తన జనంతో మళ్లీ ఓడలెక్కి న్యూజీలాండ్‌లోని వైపూ చేరాడు. వైపూ నుంచి వచ్చేవాళ్లు నా బండి ఎక్కుతుంటారు. వాళ్లకు కోట అక్కర్లేదు. గడ్డిలో మోకాలెత్తు రాళ్ల వరస కనిపించిన ప్రతిచోటా బండి ఆపమంటారు. అది ఇల్లో, గొర్రెల దొడ్డో తేల్చడానికి వంగి గడప రాయి కోసం వెతుకుతారు. నేనూ వాళ్లతోపాటు వంగుతాను. ఆ ఇళ్లకు దెయ్యం కూడా లేదు, కథ చెప్పేవాళ్లే వెళ్లిపోయారు కదా.

మనవాళ్లకు ఈ భాగం వెంటనే అర్థమవుతుంది. శ్రీశైలం డ్యాం కింద ఊరు పోయినవాళ్లు, పోలవరం ముంపు తెలిసినవాళ్లు బండిలో ఎప్పుడూ ఒకరైనా ఉంటారు. వాళ్లు అడిగేది ఒకటే, తర్వాత భూమి దక్కిందా అని. కొంత దక్కింది. 1993లో ఉత్తర లాకిన్వర్ ఎస్టేట్‌ను అక్కడ సాగు చేసుకునేవాళ్లే ట్రస్టు పెట్టి, చందాలు పోగేసి, కొనేసుకున్నారు. ఆ తర్వాత స్కాట్లాండ్‌లో ఊళ్లు ఊళ్లే తమ నేలను కొనుక్కోవడానికి ఇది దారి తీసింది. నాకు తెలిసి కోట కంటే చెప్పుకోదగ్గ కథ ఇదే. పోస్టర్‌లో వేస్తే టికెట్లు అమ్ముడుపోవు కాబట్టి కోటను ముందు పెట్టుకుని దీన్ని వెనక తెస్తాను.

మిగిలిన కోట గోడ కూలకుండా సున్నం పోసి నిలబెట్టింది కూడా స్థానికులు పూనుకున్నందువల్లే. అయినా లోపలికి ఎక్కొద్దని బోర్డు ఉంటుంది. రీల్స్ కోసం బురుజు ఎక్కబోయే కుర్రాళ్లతో నేను వాదించను. "ఇక్కడ పడితే పెద్దాసుపత్రికి ఇన్వర్నెస్ దాకా పోవాలి, మనం వచ్చినదారే" అంటాను. రెండు గంటల మలుపులు ఇంకా కడుపులో తిరుగుతూనే ఉంటాయి కాబట్టి దిగిపోతారు.

తిరుగు ప్రయాణంలో లెడ్‌మోర్ మలుపు దాటాక మైకు ఆపేస్తాను. వాళ్లు మాట్లాడుకోవడానికి ఆ సమయం వాళ్లదే. మొన్నామధ్య ముందు సీట్లో కూర్చున్న పెద్దాయన రిటైరైన సబ్ రిజిస్ట్రార్. చాలాసేపు బయటికి చూసి, "బాబూ, ఆ ఇరవై వేలకు రసీదేమైనా ఉందా?" అన్నారు.

"నాకేమీ ముట్టలేదనే నీల్ అన్నాడండీ."

"రసీదు లేనప్పుడు కేసు నిలబడదు."

"ఊరుకోండీ," అన్నారు వెనక నుంచి ఆవిడ. "అలాంటి డబ్బుకు రసీదు ఎవరిస్తారు? మీ ఆఫీసులో ఎవరైనా ఇచ్చారా?"

బండంతా ఒక్కసారిగా నవ్వింది. అక్కడి నుంచి విచారణ మొదలైంది. వాళ్లబ్బాయి ఫోనులో కార్బిస్‌డేల్ మ్యాపు తీసి, నీల్ ఆరోజు ఎక్కడుండి ఉంటాడో లెక్కలు కట్టాడు. కోడలు క్రిస్టీన్ తరఫున వకాల్తా పుచ్చుకుంది. అల్లాపూల్ చేరి చిప్స్ కోసం దిగేసరికి నీల్‌కు బెయిలు దొరికింది. క్రిస్టీన్ కేసు వాయిదా పడింది.